ఇరవై రెండు, ఖాళీ

నస్పూర్ మెయిన్ రోడ్డు మీద ఒక రేకుల షాపు, రేడియోలూ ఫోన్లూ బాగుచేసేది. బోర్డు మీద నరేశ్ పేరు ఉంటుంది, బల్ల వెనుక మాత్రం ఆయన భార్య పద్మలత ఉంటుంది. మధ్యాహ్నం రెండున్నర. ఎదుటి స్టూలు మీద ఓపెన్‌కాస్టు గనిలో మట్టి డంపర్ నడిపే రాయమల్లు, ఒళ్ళో వైర్లు వేలాడుతున్న హెల్మెట్. నాలుగు గంటలలోపు ఒక కాయితం పట్టుకుపోకపోతే రేపటి నుంచి ఆయన బండి ఎక్కడం ఉండదు. ఆ కాయితం కోసమే వచ్చాడు, అది తప్ప అన్నీ అడుగుతున్నాడు.

"గది గాదు బిడ్డా, నువ్వు జర మంచిగ చూడు. బటనే. గా బటన్లనే ఉన్నది రోగం."

"చూసిన కాకా. మూడు సార్లు చూసిన. ఒత్తితె తగులుతుంది, ఇడిస్తె లేస్తుంది. ఇగో, ఇను. టిక్కు... టిక్కు. ఇందాకటి సంది ముప్పై సార్లు ఒత్తి చూసిన."

"గీడ లేస్తది. బండిల లేవది."

"బండిల ఎందుకు లేవది?"

"దుమ్ము. గాడ దుమ్మేమన్న తక్కువనా? కండ్లల్ల దుమ్మే, ముక్కుల దుమ్మే, అన్నంల సుత దుమ్మే. గా దుమ్మంత బటన్ల వోయి అతుక్కుంటది."

"మూత ఇప్పి చూపిస్త, చూడు. ఇగో. ఏది దుమ్ము? దీనికన్న నా బల్ల మీదనే ఎక్కువున్నది."

"నువ్వు తుడిచినవేమో."

"నీ ముందట్నే ఇప్పిన గద కాకా."

"ఇప్పినవ్. ఇప్పినవ్ తియ్. మరి వైర్లు చూసినవా? గా ఎర్ర వైరు జర సన్నగున్నట్టున్నది."

"పదకొండు రోజుల కింద అది అతికింది నేనే. బండిల వైర్‌లెస్ సెట్టుకున్న చేతి మైకు కోసి, దాని వైర్లకు హెల్మెట్ల మైకు కలిపిన, చెవి కాడి స్పీకర్లు కలిపిన, స్టీరింగుకు గీ బటన్ కట్టుకొమ్మని ఇచ్చిన. ఏడ అతికినవి ఆడనే ఉన్నయి. గా దినం నువ్వేమని అడిగినవ్, యాదికున్నదా?"

"ఏమన్న?"

"‘ఇంజిన్ సప్పుడుకు సెట్టుల మాట ఇనవడ్తలేదు బిడ్డా, చెవులల్ల చెప్పినట్టు ఇనవడేటట్టు జెయ్యి’ అన్నవ్. చేసిన. ఇప్పుడు ఇనవడ్తుందా లేదా?"

"ఇనవడ్తుంది. అబద్ధమెందుకు, పక్క సీట్ల కూసోని మాట్లాడినట్టే ఉంటది."

"మరి ఇగేం రోగం?"

"రోగమని నేనన్ననా? నువ్వు ఒక కాయితం రాసిస్తె సాలు."

"ఏం కాయితం?"

"చిన్నది. రెండు ముక్కలు. కింద షాపు ముద్ర."

"ఏమని?"

"నీళ్లున్నయా బిడ్డా? ఎండల నడిచొచ్చిన."

"సీసా నీ కాళ్ల కాడనే ఉన్నది. తాగు. తాగినంక చెప్పు, ఏమని రాయాలె?"

"‘బటన్ అతుక్కపోయింది, చేసిన కాడ తప్పున్నది, నడిపేటోని తప్పు లేదు.’ గంతే."

"గంతేనా?"

"కింద నీ సంతకం."

"అంటె తప్పు నాదని నన్నే రాయుమంటున్నవ్."

"నీదని కాదు బిడ్డా. బటన్‌ది."

"బటన్‌కు నోరున్నదా కాళ్లున్నయా? బటన్‌ది అంటె చేసినదానిదే. నిన్ను జూసి ఇంకో పద్నాలుగు మంది హెల్మెట్లకు పెట్టిచ్చుకుంటమన్నరు. గిట్ల రాసిస్తె నా గుమ్మం ఎవరు తొక్కుతరు?"

"నిజమే. నిజమే అనుకో."

"ఎవరడిగిండ్రు కాయితం?"

"ఓంప్రకాశ్ సార్. మా షిఫ్టు ఇన్‌చార్జి. ‘రాయమల్లు, నాలుగు గంటలకు ఆఫీసుల కూసుంట. కాయితం తెస్తివా, సామాను రోగమని రాసి ఫైలు మూసేస్త. తేకపోతివా, బండి తాళం గీ టేబుల్ మీద పెట్టి పో’ అన్నడు."

"ఎందుకన్నడు?"

"అన్నడు."

"ఊకెనే అంటడా?"

"గా సార్‌కు కోపమెక్కువ."

"కాకా."

"ఆఁ."

"నిన్న ఏమైంది గాడ?"

"ఏమైతది? ఏం గాలే. దేవుడున్నడు."

"దేవుని దాక వోయిందంటె ఏదో అయ్యే ఉంటది. చెప్పకపోతె నేను రాయ. ఇగ నీ ఇష్టం."

"చెప్త తియ్. మట్టి తీస్కపోయి డంపు మీద పోస్తం గద. గుట్ట లెక్క ఉంటది. మూడంతస్తుల మేడ ఎత్తు. పోసెటప్పుడు అంచు దాక బండి ఎన్కకు వోవాలె. ఎన్క ఏమున్నదో నడిపేటోనికి కనవడది. సాగర్ అని సిగ్నల్ మనిషి ఉంటడు. ‘రా, రా, రా, ఆగు’ అని సెట్టుల చెప్తడు. ఆయన మాట మీదనే మా పానం."

"ఊఁ."

"నిన్న మా షిఫ్టుల నడిపే శ్రావణ్ బండి ఎన్కకు వోతుంది. సాగర్ ‘ఆగు’ అన్నడట. శ్రావణ్‌కు ఇనవడలే."

"ఎందుకు ఇనవడలే?"

"లైను ఖాళీ లేకుండె."

"ఎందుకు లేకుండె?"

"నా బటన్ అతుక్కున్నది. ఒకడు బటన్ ఒత్తుకోని ఉంటె ఇంకోనికి మాట్లాడరాదు. గది నీకే ఎర్క, నాకు చెప్పింది నువ్వే."

"చెప్పిన. ‘బటన్ ఒత్తినంత సేపు నీ మాటే అందరికి వోతది, వాళ్ల మాట నీకు రాదు, చెప్పుడు అయిపోంగనే ఇడువు’ అని రెండు సార్లు చెప్పిన. అయినంక?"

"ఎన్క టైరు అంచుకు పోసిన కట్ట ఎక్కింది. కట్ట ఇరిగింది. సాగర్ ఉరికొచ్చి చేతుల జెండా కట్టె తీసి అద్దం మీదికి ఇసిరిండు. అప్పుడు బ్రేకు వట్టిండు. టైరు సగం గాలిల ఉండె బిడ్డా. ఇంకో మూరెడు వోతె బండి కిందికే. శ్రావణ్‌కు ఇద్దరు ఆడివిల్లలు. చిన్నది ఇంక పాకుతనే ఉన్నది."

"ఆయనకు దెబ్బలేమన్న..."

"ఒక్క దెబ్బ లేదు. బండి దిగి పక్కకు వోయి కక్కిండు. నేను ఉరికి పోయేసరికి కట్ట మీద కూసోని నీళ్లు తాగుతుండె. నన్ను జూసి ఏమన్నడో ఎర్కనా?"

"తిట్టిండా?"

"తిట్టినా బాగుండు. ‘కాకా, నీ బటన్ జర చూపిచ్చుకో, అతుక్కుంటున్నట్టున్నది’ అన్నడు. సార్ ముంగట సుత గదే అన్నడు."

"అంటె అతుక్కున్నదని ఆయనన్నడు. నువ్వనలే."

"నేను సుత అన్న."

"ఎప్పుడు?"

"ఆయనన్నంక."

"ఓ పద్మా! నా ఫోను అయిందా?"

"లోపలికి రా చంద్రవ్వా, అయింది. ఇగో. మైకు మార్చిన."

"ఇప్పుడు నా మాట అటు ఇనవడ్తదా?"

"మంచిగ ఇనవడ్తది."

"వస్త మరి. జెల్ది వోవాలె, ఆటో నిలవెట్టిన."

"మంచిది."

"మీ సుట్టమా బిడ్డా?"

"సుట్టమేం గాదు కాకా. ఎన్క గల్లిల ఉంటది. ఆరేండ్ల సంది వస్తది. ఆమె పేరు నాకెర్క, నా పేరు ఆమెకెర్క. ఆడికే అయిపాయె. పొద్దుందాక మంది వస్తనే ఉంటరు. అందరిది ఒక్కటే మాట, ‘అయిందా?’ అని."

"మీ ఆయన?"

"మస్కట్ల ఉంటడు. శుక్రారం శుక్రారం ఫోన్ జేస్తడు. ‘మంచిగున్నవా’ అంటడు, ‘మంచిగున్న’ అంట. నెట్ పోతది."

"నెట్ పోతదా, ఆయనే పెట్టేస్తడా?"

"పదేండ్ల సంది సెట్లు బాగుజేస్తున్న, నాకు తేడా తెల్వదా? నా సంగతి వదిలెయ్, నీ సంగతి చెప్పు. నిన్న ఎంతసేపు అతుక్కున్నది?"

"మూడు నిమిషాలు. నాలుగేమో."

"మల్ల లేసిందా?"

"లేసింది."

"ఏం జేస్తె లేసింది?"

"ఊకెనే లేసింది."

"అంతకు ముందట అతుక్కున్నదా?"

"మొన్న. వారం సంది రోజూ."

"అంతకు ముందట?"

"ఏంది బిడ్డా, పోలీసోల్ల లెక్క అడుగుతున్నవ్!"

"సార్ సుత గిట్లనే అడుగుతడు. ఆయనకేం చెప్తవ్? నువ్వు చెప్పేది జూస్తె వారం రోజుల సంది రోజుకు ఒక్క సారి, గదే మూడు నిమిషాలు అతుక్కోని, మల్ల తనంతల తనే లేసి మంచిగ పనిజేస్తుంది. గింత నియమం మనుషులకు సుత ఉండది కాకా, బటన్‌కు యాడికెల్లి వచ్చింది?"

"ఫ్యాను జర ఇటు తిప్పు బిడ్డా."

"తిప్పిన. చెప్పు."

"మొదటి దినం మాత్రం నిజంగనే అతుక్కున్నది. నా మీద ఒట్టు. నువ్వు చేసిచ్చిన తెల్లారి, పొద్దుగాల షిఫ్టు. నాకేమెర్క? నేను మాట్లాడుకుంట పోతున్న."

"ఎవరితోని?"

"ఎవరితోని ఏంది. ఊకె."

"బండిల నువ్వు ఒక్కనివే గద. ఎవరితోని కాకా?"

"అనసూర్యతోని."

"అనసూర్య అంటె..."

"నా ఇంటామె. పోయి రెండేండ్లాయె. నవ్వకు."

"నవ్వుతలే."

"పిచ్చేం గాదు బిడ్డా. ఆమె లేదని నాకెర్క. బతికున్నప్పుడు నేనేమన్న ముచ్చట్లు వెట్టిననా అంటె అదీ లేదు. ఇంటికి వోవుడు, తినుడు, పండుడు. ఆమె చెప్తుంటె ‘ఊఁ’ అనుడు. గా ‘ఊఁ’ సుత సగం నిద్రల. ఇప్పుడు నేను చెప్పవడితి. పిల్లలు కాలే మాకు. ఇంట్ల ఒక్కన్నే, బండిల ఒక్కన్నే. సెట్టుల సుత పేరువెట్టి పిలువరు. నా బండి నంబరు ఇరవై రెండు. ‘ఇరవై రెండు, ఏడున్నవ్?’ మట్టి పోసి తిరిగొస్తుంటె ‘ఇరవై రెండు, ఖాళీ’ అని చెప్పాలె. దినమంత నా నోట్లెకెల్లి వచ్చే మాట గదొక్కటే. ఇరవై రెండు, ఖాళీ. ఇరవై రెండు, ఖాళీ."

"గా మొదటి దినం ఏం మాట్లాడినవ్?"

"ఏమున్నది మాట్లాడనీకి? పులుసు వెట్టిన, ఉప్పు ఎక్కువైంది, నీ చేతి లెక్క రాదేంది అన్న. అంగి గుండీ ఊడింది, సూదిల దారం ఎక్కుతలేదు అన్న. ఇంకేందో అన్న. ఒక ట్రిప్పంత అన్న. అందరి చెవులల్ల వోతుందని నాకేమెర్క?"

"ఎప్పుడు తెలిసింది?"

"తినే కాడ. షెడ్డు కిందికి వోతె అందరు నన్నే చూస్తుండ్రు. మొఖానికి ఏమన్న అంటిందేమో అని తుడుసుకున్న. శ్రావణ్ వచ్చి పక్కన కూసున్నడు. నా గిన్నెలకు తొంగి చూసిండు. ‘కాకా, ఉప్పెక్కువైందంటివి గద, అది పక్కకు వెట్టు, ఇగో నా కూర తిను’ అని సగం కూర నా గిన్నెల ఏసిండు. అప్పుడు సమజైంది నాకు. సిగ్గుతోని సచ్చిన బిడ్డా."

"ఎవరన్న నవ్విండ్రా?"

"ఒక్కడు నవ్వలే. నవ్వితె నేను సుత నవ్వి ఇడిసిపెట్టేటోన్ని. బండి కాడికి వోయి బటన్‌ను గోరుతోని గుంజిన, రెండు దెబ్బలు కొట్టిన. లేసింది. గప్పటి సంది మంచిగనే ఉన్నది. రెండు రోజులు నోరు మూసుకోని నడిపిన."

"మంచిపనే జేసినవ్ గద."

"మంచిపనే. గా రెండు రోజులు ఎవ్వరూ నా గిన్నెల చూడలే."

"తిన్నవా అని సుత అడుగలేదా?"

"‘తిన్నవా?’ అని మనం అందరిని అడుగుతం. దారిల పోయేటోన్ని సుత అడుగుతం. జవాబు ఇనకుంటనే పోతం. రెండేండ్లల నేను తిన్ననా లేదా అని నిజంగ చూసింది గా పోరడొక్కడే. అదీ ఎందుకు? నా మాట చెవుల వడ్డందుకు. మూడో దినం ఖాళీగ తిరిగొస్తున్న. బొటనవేలు బటన్ మీదున్నది. ‘ఇరవై రెండు, ఖాళీ’ అన్న. ఇడవాలె గద."

"ఇడవాలె."

"ఇడవలే."

"కాకా..."

"ఇడవలే బిడ్డా. అది అతుక్కోలే. నేనే ఒత్తి పట్టుకున్న. ‘అనసూర్యా, ఇయ్యాల పప్పు మాడింది’ అన్న. ఈసారి ఆమెతోని కాదు. అందరు ఇంటున్నరని ఎర్కుండి అన్న. ఆమె పేరు అడ్డం వెట్టుకోని అన్న. గది తప్పు గాదా? సచ్చిపోయినదాన్ని అడ్డం వెట్టుకుంటి."

"రోజూనా?"

"రోజూ. ఒక్క ఖాళీ ట్రిప్పు, మూడు నిమిషాలు. తినే టైముకు జర ముందట. ఎందుకో నీకు చెప్పాల్నా?"

"వద్దు. ఎవరూ అడ్డం చెప్పలేదా?"

"చెప్తె బాగుండు. ‘పోనీ తియ్, పెద్దమనిషి, కడుపుల ఉన్నది చెప్పుకుంటుండు’ అనుకున్నరట. సార్‌కు ఒక్కడు చెప్పలే. ఒకాయన అంగి తీస్కపోయి ఇంటామెతోని గుండీ కుట్టిచ్చుకొచ్చిండు. ఒకాయన మామిడికాయ తొక్కు తెచ్చిండు. సాగర్ ఏం జేసేటోడో తెల్సా? నేను మాట్లాడుతున్నంత సేపు సెట్టు పక్కకు వెట్టి జెండాతోని బండ్లు ఆపేటోడు. వాళ్లు పోనీ పోనీ అన్నకొద్ది నేను ఒత్తుకుంట వోయిన. నిన్న శ్రావణ్ జెండా దిక్కు చూడలే. సాగర్ సెట్టుల అరిసిండు. లైన్ల నేనున్న."

"ఏం చెప్తుంటివి అప్పుడు?"

"ఏమో. యాదికి లేదు."

"యాదికున్నది."

"ఉన్నది. నా ఇంట్ల పిల్లి ఈనిందని చెప్తున్న. నాలుగు పిల్లలు వెట్టిందని. గా ముచ్చట చెప్పనీకి గా పోరడు కిందికి వోవాల్నా?"

"పోలే కాకా. బతికిండు. ఏడువకు."

"ఏడుస్తలే. ఎండకొచ్చిన గద, కండ్లు మండుతున్నయి."

"ఇగో, తుడుసుకో. ఇప్పుడు సార్‌కు ఏం చెప్తవ్ మరి?"

"కాయితం ఉంటె కాయితం ఇస్త. లేకపోతె తాళం ఇస్త. తాళం ఇస్తె బండి పోతది, బండితోని సెట్టు పోతది, షెడ్డు కింద తినుడు పోతది. ఇంట్ల గోడకు చెప్పుకోవాలె. గోడ ఇంటది. తిన్నవా అనది."

"ఎన్నేండ్లు ఇంక నౌకరి?"

"ఒళ్లు మంచిగుంటె నాలుగేండ్లు. ఎంతైంది టైము?"

"మూడు దాటి పది నిమిషాలు."

"వస్త బిడ్డా."

"కాయితం?"

"వద్దు. ఇంటినుంచి వచ్చేటప్పుడు మంచిగనే అనిపిచ్చింది. నీకు చెప్పుకుంట ఉంటె నాకే ఇనవడ్డది నేను ఏం అడుగుతున్ననో. నేను ఒత్తిన బటన్‌కు నీ సంతకం ఎందుకు? పోయి సార్‌కు ఉన్నదున్నట్టు చెప్త. శ్రావణ్‌కు సుత చెప్పాలె. వాడు అతుక్కున్నదనే అనుకుంటుండు."

"అనుకుంటలేడు కాకా. నిన్ను కాపాడనీకి అన్నడు."

"ఎర్క. గందుకే చెప్పాలె. హెల్మెట్ నీ కాడనే ఉండని, ఎవరికన్న పనికొస్తది."

"కూసో."

"టైమైతుంది."

"కూసో కాకా. రాస్తున్న."

"వద్దంటున్న గద."

"నీ కోసం రాస్తలే. చదువుత, ఇను. ‘రాయమల్లు హెల్మెట్‌కు సెట్టు వైర్లు కలిపింది నేను. అతికేటప్పుడు సోల్డరింగ్ పేస్టు ఎక్కువ వెట్టిన. అది కరిగి బటన్ లోపలికి జారింది. తెల్లారి పొద్దుగాల షిఫ్టుల బటన్ అతుక్కపోయి, ఒక ట్రిప్పంత లైను మూసుకపోయింది. గా తప్పు నాది. పద్మలత.’ మంచిగున్నదా?"

"పేస్టు జారిందని నీకెట్ల ఎర్క?"

"బటన్ ఇప్పినప్పుడు ఎండి ఉన్నది ఒక మూలకు. నీకు దుమ్ము కావాలె గాబట్టి పేస్టు కనవడలే."

"మరి ఇందాక ఏం లేదంటివి?"

"అన్న."

"ఎందుకన్నవ్?"

"నువ్వెందుకు దుమ్మన్నవో గందుకే."

"ఏమో బిడ్డా. అది మొదటి దినం సంగతి. గా దినం ఎవరికేం గాలే. నిన్నటిది నాది. రెండూ కలపకు."

"కలుపుతలేను. నిన్నటిది నీ నోటితోని నువ్వు చెప్పు. మొదటిది నేను చెప్త. షట్టర్ దించి నేను సుత వస్త, నడువు. ఇంక ఒక మాట కాకా. ఎండు చాపల పులుసుకు కడుగకముందే ఉప్పు ఏస్తరా ఎవరన్న? చాపలల్లనే ఉప్పుంటది. రెండు నీళ్లు కడిగి, పులుసు మరిగినంక నాలిక మీద ఏసుకోని చూసి అప్పుడు ఏసుకోవాలె. గందుకే నీకు ఎక్కువైంది."

"గట్లనా. అనసూర్య సుత గదే... ఆగు."

"ఏంది?"

"చాపలని నేనెప్పుడన్న?"

"అన్నవ్ గద."

"పులుసన్న. చాపలనలే. నీకు అనలే."

"ఎవరో అన్నరు తియ్. లే, నడువు, టైమైతుంది."

"ఎవరంటరు? గా చాపల సంగతి ఎవ్వరికి చెప్పలే నేను. మొదటి దినం బండిల అనసూర్యకు చెప్పిన, లైన్ల ఉన్నోళ్లే ఇన్నరు. పద్మా, ఇటు చూడు. నీకెట్ల ఎర్క?"

"మీ గని సెట్లన్నీ నా కాడికే వస్తయి కాకా. చేసినవి మంచిగ మాట్లాడుతున్నయో లేదో ఇననీకి బల్ల కింద ఒక సెట్టు ఆన్ జేసి పెట్టుకుంట. గా దినం పొద్దుగాల షట్టర్ తీయంగనే నీ గొంతు వచ్చింది. చాపల పులుసు, గుండీ, సూది. బటన్ అతుక్కున్నదని నాకు అప్పుడే ఎర్కైంది. నీకు ఫోన్ జేద్దామని నంబరు తీసిన. చెప్తె నువ్వు మాట్లాడుడు బంద్ జేస్తవని, ఫోను పక్కకు వెట్టి కూసున్న."